ఆర్టీమియా, ముడి చమురు, మందు: నా ప్రాజెక్టు డైరీ

జనవరి 4, తిరువొత్తియూర్, మద్రాసు

పొద్దున పెద్దమ్మ వాళ్ళ గుమ్మం ముందు నెత్తళ్ళు తీసుకుంటూ చేపలక్కకు నా ప్రాజెక్టు గురించి చెప్పాను. వాళ్ళది తాతల కాలంలో నెల్లూరు తీరం నుంచి కాశిమేడుకు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. "సముద్రంలో నూనె పడితే చెదరగొట్టడానికి ఒక మందు చల్లుతారక్కా. ఆ మందూ నూనే కలిస్తే చిన్న జీవాలకు ఏమవుతుందో చూడాలనుకుంటున్నా" అన్నాను. ఆమె తక్కెడ పక్కన పెట్టి, "నూనె కనబడకుండా పోతే మంచిదే గదా పాపా? వలకంటదు, ఒంటికంటదు" అంది.

నా దగ్గర సమాధానం లేదు. డైరీ మొదటి పేజీలో ఆమె ప్రశ్ననే రాసుకున్నాను.

ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ పోర్టు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాస్ ఓడ, ఇంకొకటి పెట్రోలియం సరుకు మోసే ఓడ. కారిన చిక్కటి ఇంధన నూనె ఎర్ణావూర్ రాళ్ళ మీద తారులా పేరుకుపోయింది. కోస్ట్ గార్డు వాళ్ళు, మత్స్యకారులు, కాలేజీ పిల్లలు బకెట్లతో ఎత్తిపోశారు. చేపలక్క భర్త కూడా వెళ్ళాడట. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి నూనె బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి ఎన్నూరు క్రీక్ అనే సముద్రపు పాయ‌లోకి చేరింది. మడచెట్ల వేళ్ళు నల్లబడ్డాయి. గూడబాతుల రెక్కలకు నూనె అంటుకుంది. కాట్టుకుప్పం వైపు క్రీక్‌లో చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళకు ఆ రోజుల్లో పనే లేదు.

ఈ రెండు సంఘటనల్లోనూ అందరూ చూసింది పైన తేలిన నూనెను. నేను చూడాలనుకుంటున్నది నీళ్ళలోకి దిగిన నూనెను.

జనవరి 9

నా ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఒప్పుకున్నారు. షరతులు రెండు. నూనె తెరిచే ప్రతి పనీ ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే జరగాలి. ఒక్క చుక్క కూడా సింకులో పోయకూడదు, అంతా ప్రమాదకర వ్యర్థాల క్యానులోకే వెళ్ళాలి. సముద్రానికి నూనె ఏం చేస్తుందో చూస్తామని చెప్పి దాన్నే మురుగులోకి వదిలితే ఇక ఆ పరీక్షకు అర్థమేముంది? రెండూ నాకు నచ్చాయి.

ముడి చమురు దొరకడం కష్టమనుకున్నాను. పెట్రోలియం ఇంజినీరింగ్ చదువుతున్న స్నేహితురాలి ద్వారా, వాళ్ళ విభాగంలో బోధన కోసం ఉంచిన సీసా నుంచి 200 మిల్లీలీటర్లు అనుమతితో దొరికింది. సీసా ఎప్పటిదో తెలియదు. బెంజీన్, టొలుయీన్ లాంటి తేలికైనవి కొంత ఎగిరిపోయి ఉంటాయి. అంటే నాది ఒకటి రెండు రోజులు ఎండకు, గాలికి ఆరిన నూనెకు దగ్గరగా ఉంటుంది. ఆ మాట రిపోర్టులో రాయాలి.

మందు సంగతి వేరు. నిజంగా వాడే డిస్పర్సెంట్, అంటే నూనెను చెదరగొట్టే మందు, నాకు దొరకదు. కానీ అందులో ఏముంటుందో తెలుసు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలుడు తర్వాత చల్లిన కోరెక్సిట్ అనే డిస్పర్సెంట్‌లో టర్గిటాల్ లాంటి బట్టల సబ్బు రసాయనాలు ఉంటాయని ఎక్కడో విని అలాగే నోట్సులో రాశాను. మేడమ్ కొట్టేశారు. అందులోని ముఖ్యమైన పదార్థాలు డాస్, స్పాన్ 80, ట్వీన్ 80. డాస్ అంటే మలబద్ధకానికి ఇచ్చే మందుల్లోనూ ఉండే డోక్యుసేటే. ట్వీన్ 80 ఐస్‌క్రీముల్లో కూడా వాడతారు. విడివిడిగా చూస్తే భయపడాల్సిన పేర్లు కావు. ఈ మూడూ మా స్టోర్‌లోనే ఉన్నాయి. వాటితో ఒక మిశ్రమం చేశాను. దీన్ని ఇకపై "మందు" అనే రాస్తాను. నాకొచ్చే అంకెలు నా మందువే, మార్కెట్లో ఉన్న ఏ డిస్పర్సెంట్‌వీ కావు.

పని చేసే తీరు మాత్రం ఒకటే. జిడ్డు గిన్నెకు సబ్బు పెట్టినప్పుడు జిడ్డు మాయం కాదు, చిన్న చుక్కలై నీళ్ళలో కలుస్తుంది. సముద్రం మీద పొరలా తేలే నూనె కూడా మందు పడితే వెంట్రుక కన్నా సన్నటి బిందువులుగా విడిపోయి కిందికి దిగుతుంది. బిందువు చిన్నదయ్యేకొద్దీ బ్యాక్టీరియాకు తినడానికి ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. ఒడ్డుకు, పక్షులకు, ఊపిరి కోసం పైకి వచ్చే తాబేళ్ళకు అంటుకునే పొర పలచబడుతుంది. ఇదీ మందు చల్లేవాళ్ళ లెక్క, అందులో తప్పేమీ లేదు. నా ప్రశ్నల్లా ఆ కింద ఎవరున్నారన్నదే.

జనవరి 14

భోగి మంటలకు ఊరు వెళ్ళలేదు. నిన్న పొద్దున సిస్టులు నానబెట్టాను.

ఆర్టీమియా అంటే మా నెల్లూరు వైపు హ్యాచరీల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. రొయ్య పిల్లలకు మేతగా వేసే చిన్న జీవి ఇది. గుడ్లు ఎండు సిస్టులుగా డబ్బాల్లో వస్తాయి, ఉప్పునీళ్ళలో వేసి గాలి కొడితే ఒక రోజులో పిల్లలవుతాయి. బాబాయి పదిహేనేళ్ళుగా హ్యాచరీలో టెక్నీషియన్. ఫోన్ చేశాను.

"ఎంత వేశావమ్మా?"

"లీటరుకు గ్రాము, బాబాయ్. ముప్పై గంటలైంది, సగం కూడా పొదగలేదు."

"నీళ్ళ వేడెంత?"

చూస్తే 23 డిగ్రీలు. మద్రాసులో చలి ఉండదనుకుంటాం గానీ జనవరి రాత్రుల్లో ల్యాబు గది బాగా చల్లబడుతుంది. "28 ఉండాల. మీద బల్బు పెట్టు, వెలుతురు కూడా కావాల దానికి. పొదిగినాక గాలి ఆపి పది నిమిషాలు వదిలెయ్. పెంకులు పైకి తేల్తాయి, పొదగనివి అడుక్కి పోతాయి. అడుగున ఒక పక్క లైటు పెడితే పిల్లలన్నీ ఆడికే వస్తాయి, సైఫన్ చేసుకో." బాబాయి చెప్పిన ఈ నాలుగు వాక్యాలతో నాకు వారం రోజుల పని తప్పింది.

రాత్రికి నారింజ రంగు పొగమంచులాంటి గుంపు లైటు వైపు చేరింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్కో పిల్లకు ఒకే కన్ను. పొదిగిన వెంటనే వాటికి నోరు తెరుచుకోదు, సొన మీదే బతుకుతాయి. కొన్ని గంటల తర్వాత రెండో దశకు వచ్చాకే నీళ్ళను వడగట్టి తినడం మొదలుపెడతాయి. పరీక్షకు రెండో దశవే కావాలి. ఎందుకంటే నూనె బిందువుకూ, నీళ్ళలో తేలే పాచి కణానికీ సైజులో పెద్ద తేడా లేదు. కనబడిందల్లా నోట్లోకి లాక్కునే జీవికి ఆ రెండూ ఒకటే.

ఆర్టీమియా గట్టి ప్రాణం. ఉప్పు మడుల్లో కూడా బతుకుతుంది. చేప లార్వాలు, పీత లార్వాలు దీనికన్నా సున్నితం. వాటి మీద చెయ్యడానికి నాకు సమయమూ లేదు, అనుమతులూ లేవు. కాబట్టి నా ట్రేలో కనబడే హానిని కనీస హాని అనే చదువుకోవాలి.

జనవరి 18

కోవళం నుంచి రెండు క్యాన్ల సముద్రపు నీళ్ళు తెచ్చాను. కాశిమేడు దగ్గరే గానీ అక్కడి నీళ్ళలో పడవల డీజిల్ ముందే ఉంటుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ లీటరుకు దాదాపు 29 గ్రాములు చూపించింది. సాధారణంగా 34 దగ్గర ఉండాల్సింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. గోదావరి, కృష్ణ, ఇంకా పైనున్న నదుల మంచినీళ్ళు కలిసిన ఉప్పు తక్కువ నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి. మా వైపు నదుల నీళ్ళు కొంచెం ఈ క్యానులో ఉన్నాయని తలుచుకుంటే బాగా అనిపించింది. అటు కారిన నూనె కూడా ఇదే దారిలో రాగలదన్న ఆలోచన వెంటనే వచ్చింది.

వడగట్టి, రాత్రంతా గాలి కొట్టి ఉంచాను.

జనవరి 22

మొదటి తప్పు.

నూనెను నీళ్ళలో వేసి నేరుగా జీవుల మీద పొయ్యకూడదు. నీళ్ళ మీద నూనె వేసి నెమ్మదిగా 24 గంటలు తిప్పి, కరిగినంత మేరకు కరగనిచ్చి, అడుగున ట్యాప్ ఉన్న గాజు సీసా నుంచి కింది నీళ్ళను మాత్రమే తీసుకోవాలి. దీన్ని వాఫ్ అంటారు, నూనె సారం దిగిన నీళ్ళు అనుకోవచ్చు. మందు కలిపినప్పుడు మాత్రం నీళ్ళ మధ్యలో సుడి పడేంత వేగంగా తిప్పాలి, ఎందుకంటే మందు పనిచెయ్యాలంటే అలలాంటి కదలిక కావాలి. 1990లలో అమెరికాలో ఈ పద్ధతులన్నిటినీ ఒక దారికి తెచ్చారు. అంతకుముందు ఒక్కో ల్యాబు ఒక్కోలా తిప్పేది, ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చలేకపోయేవారు.

నేను రెండు సీసాలనూ ఒకే వేగంతో తిప్పాను. పొద్దున చూస్తే మందు లేని సీసా కూడా మసకగా ఉంది. సుడికి నూనె చుక్కలు చుక్కలుగా విరిగి లోపలికి పోయింది. అలా వదిలేస్తే మందు ఉన్నదానికీ లేనిదానికీ తేడా తగ్గిపోయి, "మందు వల్ల ఏమీ కాలేదు" అని రాయాల్సి వచ్చేది. అది ఫలితం కాదు, స్టర్రర్ మీట తప్పు. మొత్తం వ్యర్థాల క్యానులోకి. మళ్ళీ మొదలు.

జనవరి 28

నూనె లీటరుకు 10 గ్రాములు, మందు నూనెలో ఇరవయ్యో వంతు. ఆరు గంటల్లో మందు ఉన్న ట్రే మొత్తం చనిపోయింది. పలచన చేసిన గడుల్లో కూడా ఒక్కటీ మిగల్లేదు. అన్నీ చనిపోయిన పరీక్ష నుంచి అంకె రాదు. లీటరుకు ఒక గ్రాముకు తగ్గించాలి.

ఓడలు గుద్దుకున్న తేదీ కూడా ఇదే. సాయంత్రం ఎర్ణావూర్ వైపు నడిచి వెళ్ళాను. రాళ్ళ మీద పిల్లలు గాలంతో కూర్చున్నారు.

ఫిబ్రవరి 3

ఇంకో సమస్య మేడమ్ పట్టుకున్నారు. నేను వాడుతున్నవి ప్లాస్టిక్ గడుల ప్లేట్లు. నూనెలోని విషపదార్థాల్లో ముఖ్యమైనవి పీఏహెచ్‌లు, అంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ బెంజీన్ ఉంగరాలు అతుక్కున్న అణువులు. అవి నీళ్ళకన్నా ప్లాస్టిక్‌నే ఇష్టపడతాయి. గంటల్లో గోడలకు అంటుకుపోతాయి. జీవికి అందాల్సింది ప్లేటు తాగేస్తుంది. దాంతో అన్నీ చిన్న గాజు వయల్స్‌కు మార్చాను. ఒక్కోదాంట్లో పది పిల్లలు, పైదాకా నీళ్ళు, ఆవిరి పోకుండా మూత. ప్రతి గాఢతకూ మూడు వయల్స్. మామూలు సముద్రపు నీళ్ళలో పదింటికి ఒకటి కన్నా ఎక్కువ చనిపోతే ఆ రోజు పరీక్ష చెల్లదు.

పది లెక్కపెట్టి డ్రాపర్‌తో వెయ్యడం తేలిగ్గా అనిపిస్తుంది. 480 పిల్లల్ని వేశాక మెడ తిప్పలేకపోయాను.

ఫిబ్రవరి 10

ఈసారి పరీక్ష నిలబడింది. 48 గంటల లెక్క ఇదీ.

మామూలు నీళ్ళలో 30కి ఒకటి చనిపోయింది. నూనె మాత్రమే కరిగిన వాఫ్‌ను పలచన చెయ్యకుండా వాడినదాంట్లో 4. మందు మాత్రమే ఉన్నదాంట్లో, పూర్తి గాఢతలో, 9. నూనె, మందు కలిసినదాంట్లో పూర్తి గాఢతలో 27, సగానికి పలచన చేస్తే 19, పావుకు 8, ఎనిమిదో వంతుకు 5.

నాలుగుకూ ఇరవై ఏడుకూ మధ్య తేడా చూసి చెయ్యి ఆగిపోయింది. కలిసినదాంట్లో మైక్రోస్కోపు కింద చూసిన పిల్లల పేగు నారింజ రంగులో లేదు. గోధుమరంగు చుక్కలు వరుసగా కనబడ్డాయి. తిన్నాయి.

నోట్సులో రాసుకున్నాను: "మందు నూనెను ఎన్నో రెట్లు విషంగా మార్చింది."

ఫిబ్రవరి 12

మేడమ్ ఆ వాక్యం కింద గీత గీసి ఒకే ప్రశ్న వేశారు: "ఏ వయల్‌లో ఎంత నూనె ఉందమ్మా?"

"రెండింట్లోనూ లీటరుకు గ్రామే వేశాను మేడమ్."

"వేసింది అడగలేదు. నీళ్ళలో ఉన్నది అడిగాను."

రెండు రోజులు దాని మీదే గడిచాయి. నీళ్ళ నుంచి నూనెను హెక్సేన్ అనే ద్రావకం‌లోకి లాగి, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, అదే ముడి చమురుతో చేసిన ప్రామాణిక ద్రావణాలతో పోల్చాను. ఏ పీఏహెచ్ ఎంతో ఇది చెప్పదు, మొత్తం మీద ఎంత నూనె అన్నది ఉజ్జాయింపుగా చెబుతుంది. వాఫ్‌లో ఉన్నదానికి దాదాపు 12 రెట్లు కలిసినదాంట్లో ఉంది.

ఇప్పుడు లెక్క మారింది. కలిసినదాన్ని ఎనిమిదో వంతుకు పలచన చేసినప్పుడు అందులోని నూనె, పలచన చెయ్యని వాఫ్‌లోని నూనెకు ఒకటిన్నర రెట్లు. చావులు అక్కడ 5, ఇక్కడ 4. అంటే గ్రాముకు గ్రాము చూస్తే నూనె విషం పెద్దగా పెరగలేదు. మందు చేసిందల్లా పైన ఉండాల్సిన నూనెను కింద ఉన్న జీవి దగ్గరికి చేర్చడం. ఎక్కువ మందు ఉన్న వయల్స్‌లో మందు సొంత విషం కూడా కొంత కలిసింది.

ఇదే వాదన పెద్ద ఎత్తున జరిగింది. 2013లో ఒక అధ్యయనం రోటిఫర్లు అనే అతి చిన్న నీటి జీవుల మీద చూసి, నూనె కోరెక్సిట్‌తో కలిస్తే విషం 52 రెట్ల దాకా పెరుగుతుందని చెప్పింది. ఆ అంకె పత్రికలన్నిటికీ ఎక్కింది. వేసిన మోతాదుతో లెక్కకట్టారా, నీళ్ళలో కొలిచిన మోతాదుతో కట్టారా అన్నదే దాని మీద వచ్చిన ముఖ్యమైన విమర్శ. నా చిన్న వయల్స్‌లో అదే చిక్కు నాకు ఎదురయ్యాక ఆ విమర్శ సరైనదేనని ఒప్పుకుంటున్నాను. కానీ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సముద్రంలో ఈదే లార్వాకు ఆ రోజు అందేది గ్రాముకు గ్రాము పోలిక కాదు. మందు చల్లాక దాని చుట్టూ ఉన్న నీళ్ళు 12 రెట్లు నూనెవి. రెండు వాక్యాలూ నిజమే. ఒక్కటే రాస్తే చదివేవాళ్ళను తప్పుదారి పట్టించినట్టే. నోట్సులో పాత వాక్యం కొట్టేసి రెండూ రాశాను.

ఫిబ్రవరి 15

పని లేదు, కొత్త సిస్టులు పొదుగుతున్నాయి. చదువుకున్నాను.

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకరు ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్ దగ్గర రాళ్ళకు గుద్దుకుంది. 1,19,000 టన్నుల కువైట్ ముడి చమురు అందులో ఉంది. దాని మీద దాదాపు 10 వేల టన్నుల డిటర్జెంట్లు పోశారు. అప్పటి మందులు ఇప్పటివాటికన్నా ఎన్నో రెట్లు విషం. రాళ్ళకు అతుక్కుని పాచి గీక్కు తినే లింపెట్ నత్తలు లక్షల్లో చనిపోయాయి. తినేవాళ్ళు లేక రాళ్ళన్నీ పచ్చటి పాచితో కప్పుకుపోయాయి. మందు పొయ్యని చోట్ల రెండు మూడేళ్ళలో తీరం తేరుకుంటే, ఎక్కువ పోసిన చోట్ల పదేళ్ళు దాటింది. శుభ్రం చేసిన తీరానికే ఎక్కువ దెబ్బ తగిలింది.

ఇది చదివి మందు మీద కోపం తెచ్చుకుని అక్కడే ఆగిపోవచ్చు. కానీ పనామా ప్రయోగం దీన్ని అంత తేలిగ్గా వదలనివ్వదు. 1984లో అక్కడి తీరంలో ఒక చోట ముడి చమురు మాత్రమే, ఇంకో చోట మందు కలిపిన చమురు కావాలని వదిలి ఏళ్ళ తరబడి గమనించారు. మందు కలిపిన చోట పగడాలు, సముద్రపు గడ్డిలో ఉండే జీవాలు మొదట్లోనే గట్టిగా దెబ్బతిని తర్వాత కోలుకున్నాయి. మందు లేని చోట మడచెట్లు చనిపోయాయి, నూనె ఆ బురదలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఎన్నూరు క్రీక్ మడచెట్లు కళ్ళ ముందు కదిలాయి. లోతైన సముద్రంలో, మడచెట్ల వైపు వస్తున్న తేలికైన ముడి చమురు మీద వెంటనే చల్లడం ఒక సంగతి. క్రీక్‌లోనే, లోతులేని నీళ్ళలో, చిక్కటి పాత నూనె మీద చల్లడం ఇంకో సంగతి. రెండో చోట మందు సరిగ్గా పనిచెయ్యదు, విషం పలచబడటానికి నీళ్ళూ ఉండవు. మన దేశంలో ఏ మందు వాడాలన్నా కోస్ట్ గార్డు ఆమోదం ఉండాలన్న నియమం ఎందుకో ఇప్పుడు బాగా అర్థమైంది.

డీప్‌వాటర్ హొరైజన్ అప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల మందు వాడారు. అందులో 29 లక్షల లీటర్లు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, బావి నోటి దగ్గరే. అందులోని డాస్‌ను రెండు నెలల తర్వాత, 300 కిలోమీటర్ల దూరంలో లోతు నీళ్ళలో గుర్తించారు. ఆ లోతున ఉండే జీవుల గురించి మనకు తెలిసింది ఎంత?

ఫిబ్రవరి 21

అనుకోనిది జరిగింది.

చోటు చాలక ఒక ర్యాకు వయల్స్‌ను తూర్పు కిటికీ పక్కన పెట్టాను. అవి నూనె మాత్రమే ఉన్న వాఫ్‌వి, ఎప్పుడూ మూడు నాలుగు కన్నా ఎక్కువ చనిపోనివి. మధ్యాహ్నం వచ్చి చూస్తే కిటికీ వైపు వరుస దాదాపు అంతా అడుగున పడి ఉంది. లోపలి వరుస బాగానే ఉంది. నీళ్ళు వేడెక్కాయేమోనని థర్మామీటర్ పెట్టాను. రెండు వరుసలకూ ఒక్క డిగ్రీ తేడా.

టెన్షన్‌తో మేడమ్ గదికి పరిగెత్తాను. పరీక్ష పాడైందని చెప్పబోయాను. ఆమె ట్రే తెచ్చి చూపించమన్నారు. "పాడవలేదమ్మా. ఇన్నాళ్ళూ నువ్వు చీకట్లో పెట్టి చూశావు. సముద్రం చీకట్లో ఉంటుందా?"

ఫిబ్రవరి 26

మేడమీద ఎండలో మళ్ళీ చేశాను, ఈసారి పద్ధతిగా. పొద్దున 8 నుంచి 10 దాకా. వయల్స్ అన్నీ నీళ్ళ తొట్టిలో నిలబెట్టి వేడి 28, 29 డిగ్రీల మధ్య ఉంచాను, మూతలు తీశాను. మామూలు నీళ్ళు ఎండలో, వాఫ్ నల్ల పెట్టె కింద, వాఫ్ ఎండలో. ఇంకో గుంపును ముందురోజు రాత్రంతా చీకట్లో వాఫ్‌లో ఉంచి, కడిగి, శుభ్రమైన నీళ్ళలో వేసి ఎండలో పెట్టాను.

సాయంత్రానికి 30కి చావులు: ఎండలో మామూలు నీళ్ళు 1, చీకట్లో వాఫ్ 3, ఎండలో వాఫ్ 21, వాఫ్ నుంచి తీసి కడిగి ఎండలో పెట్టినవి 14.

ఆ చివరి అంకెను మూడుసార్లు సరిచూశాను. ఆ 14 చనిపోయినప్పుడు వాటి చుట్టూ ఉన్న నీళ్ళలో నూనె లేదు. రాత్రి ఒంట్లోకి చేరిన పీఏహెచ్‌ల మీద అతినీలలోహిత కాంతి పడింది. ఆ అణువులు కాంతి శక్తిని మింగి, పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తాయి. ఆ ఆక్సిజన్ కణాల పొరలను కాల్చేస్తుంది. ఒళ్ళు పారదర్శకంగా ఉన్న జీవికి ఇది మరీ ప్రమాదం. సముద్రం పై పొరల్లో ఉండే చేప గుడ్లు, లార్వాలు, పీత పిల్లలు చాలావరకు పారదర్శకమే. శత్రువుకు కనబడకుండా ఉండటానికి వచ్చిన గుణం, నూనె తగిలాక ఎండను నేరుగా లోపలికి రానిస్తోంది. మద్రాసు లాంటి చోట, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే తీరంలో, నా చీకటి ట్రేల అంకెలకు విలువ ఎంతో ఇప్పుడు మళ్ళీ ఆలోచించాలి.

నా పరికరాలతో చూడలేనిది ఇంకొకటి ఉంది. ముడి చమురు చేపల గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం కదలికలను అడ్డుకుంటుందని 2014లో ట్యూనా గుండె కణాల మీద చూపించారు. ఫినాంత్రీన్ లాంటి మూడు ఉంగరాల పీఏహెచ్‌లు దీనికి కారణమని తర్వాత తేలింది. గుండె లయ తప్పుతుంది. అలాంటి లార్వా ఆ రోజే చనిపోదు. సరిగ్గా ఈదలేదు, వేటాడలేదు, తప్పించుకోలేదు.

మార్చి 1

చేపలక్కకు వయల్స్ ఫొటోలు చూపించాను. కలిసిన వయల్ పలచటి టీ నీళ్ళలా ఉంది. నూనె మాత్రమే ఉన్నదాంట్లో పైన నల్లటి వలయం, కింద తేట నీళ్ళు.

"ఏది మంచిదక్కా చూడ్డానికి?" అన్నాను.

"టీ రంగుదే. పైన నూనె లేదు గదా."

"అందులోనే ఎక్కువ చచ్చిపోయాయక్కా."

ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "రొయ్య పిల్ల ఏ నీళ్ళల్లో ఉంటాది పాపా, పైనా కిందా?" అని అడిగింది. లార్వాగా ఉన్నప్పుడు బయట సముద్రపు నీళ్ళలో తేలుతూ, తర్వాత క్రీక్‌లోకి వచ్చి గడ్డిలో, బురదలో పెరుగుతుందని చెప్పాను. "అయితే ఆడ చల్లగూడదు. బయట లోతులో అయితే ఏమో గానీ, మా క్రీక్‌లో వద్దు. మా ఆయన ఎత్తినట్టు బకెట్టుతో ఎత్తుకోవాల్సిందే."

పనామా ప్రయోగం చదవకుండానే ఆమె అక్కడికి చేరింది. బకెట్టుతో ఎత్తడం గురించి నాకు ఒక బాధ ఉంది. 2017లో ఎత్తినవాళ్ళలో చాలామందికి సరైన గ్లౌజులు, మాస్కులు లేవు. నూనె ఆవిరి పీల్చే మనుషుల ఊపిరితిత్తులు కూడా ఈ లెక్కలో ఉండాలి. ఆ మాట ఆమెతో అంటే, "రెండు నెలలు చేతులు దురదలే" అంది.

మార్చి 11

చివరి పరీక్ష. ఫిబ్రవరిలో నేను చనిపోయినవాటినే లెక్కపెట్టాను. మిగిలినవి ఏమయ్యాయో చూడలేదు.

కలిసినదాన్ని పావుకు పలచన చేసి, 48 గంటలు ఉంచి, బతికిన 22 పిల్లల్ని కడిగి శుభ్రమైన నీళ్ళలోకి మార్చాను. ఈస్టు మేత వేశాను. ఎండ తగలనివ్వలేదు. పక్కనే మామూలు నీళ్ళలో పెరిగినవి 22. రోజూ ఉదయం, సాయంత్రం చూశాను.

మూడో రోజుకు మొదటి గుంపులో 6 పోయాయి. ఐదో రోజుకు 11. ఏడో రోజున మిగిలినవి 9. అందులో నాలుగు అడుగునే ఒక పక్కకు తిరిగి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మామూలు నీళ్ళలో 22కు 19 ఉన్నాయి, పొడవులో వీటికి దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగి, వెలుతురు వేస్తే ఒక్కసారిగా అటు తిరుగుతున్నాయి. నూనె చూసినవాటిలో వెలుతురుకు తిరిగినవి మూడే.

ఫిబ్రవరి 10 నాటి పట్టిక తీశాను. చివరి గడికి "బతికినవి" అని శీర్షిక పెట్టి ఉంది. ఆ మాట కొట్టేసి "48 గంటలకు కదులుతున్నవి" అని రాశాను. మేడమ్ సంతకానికి ఇచ్చే కాపీలో కూడా అలాగే మార్చాను.